ఖాళీ పలక మీద వేలిముద్రలు

"మార్కాపురంలో నేరమనేది ఇంకా బతికుందంటే, దానికి నా అడ్రస్ దొరక్కనే జిలానీ!" అంటూ డిటెక్టివ్ శేషాద్రి ఆటో దిగి, గుమ్మానికి తల కొట్టుకుని మ్యూజియంలోకి అడుగుపెట్టాడు.

నిజానికి ఆయనకున్నది బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు. ఇంతవరకు పట్టుకున్న దొంగ ఒక్కడే. తీరా చూస్తే వాడు ఆయన బావమరిది. ఆ డిటెక్టివ్‌ను ఊరంతా తిప్పే ఖర్మ ఆటో జిలానిది. ఎప్పుడూ విసుక్కుంటూ తిప్పేవాడు కాస్తా, ఈరోజు తనే బతిమాలి తీసుకొచ్చాడు. ఏడుస్తున్నది అక్క కూతురు పర్వీన్ మరి!

పక్కనున్న పాత పలకల ఫ్యాక్టరీలో పన్నెండేళ్లుగా ఎక్కడెక్కడి చిత్రకారులో వచ్చి, నెలల తరబడి ఉండి బొమ్మలు వేసుకుంటున్నారు. ఆ విడిది చరిత్రంతా చూపే ప్రదర్శనను పర్వీనే సర్దింది. పదకొండింటికి ప్రారంభం. అప్పటికే పది దాటింది.

"వచ్చినోళ్ల ఫొటోలన్నీ ఉన్నాయి మామూ. వాళ్లందరికీ వండిపెట్టిన యల్లమ్మవ్వది ఒక్కటన్నా లేదు. ఎప్పుడూ పొయ్యికాడనే ఉండె గదా! మొదటేడు వచ్చినాయన పలక మీద మేకుతో ఆమె బొమ్మ గీకిపోయినాడు. అదొక్కటే గుర్తు. అవ్వకు చెప్పకుండా దాచి, నిన్న గోడకు తగిలించినా. పొద్దున చూస్తే ఆ చోట ఖాళీ పలక!"

శేషాద్రి భూతద్దం తీశాడు. "కిడ్నాప్! బొమ్మను ఎత్తుకపోయి డమ్మీని తగిలించినారు. అంతర్జాతీయ ముఠా! జిలానీ, ఊరిని దిగ్బంధం చెయ్!"

"నేనొక్కడినే సామీ."

"అయితే నలువైపులా నిలబడు!"

పలకను వాసన చూసి శేషాద్రి ఉలిక్కిపడ్డాడు. "ఏదో పసరు! విషప్రయోగం!"

ఇంతలో యల్లమ్మ టీ గ్లాసులతో వచ్చింది. "ఏందబ్బయ్యా గోడను నాకుతాండావు? టీ తాగు."

"ఆగు! చేతులకు ఆ నలుపేంది?"

"బొగ్గు నాయనా."

"వంటమనిషికి బొగ్గు సహజం. ఈమెను అనుమానితుల జాబితాలోంచి కొట్టెయ్, జిలానీ!"

జాబితా అంటూ ఉంటే కదా కొట్టెయ్యడానికి! జిలాని గోడ గడియారం వంక చూశాడు. పదీ నలభై.

"ఇక బ్రహ్మాస్త్రమే. వేలిముద్రలు!" శేషాద్రి తన షాపులోని టాల్కం పౌడరు డబ్బా తీశాడు. మూత ఊడింది. తుమ్ము వచ్చింది. డబ్బాడు పౌడరూ పలక మీద చిమ్మింది.

"నీ పుణ్యముంటది సామీ, ఉన్న పలకను కూడా పాడు చేస్తివే!" జిలాని భుజం మీది తువ్వాలుతో పలకను పైపైన దులిపాడు. పౌడరు లేచిపోయింది. గీతల్లో చిక్కుకున్నది మాత్రం తెల్లగా నిలిచింది. ముందు ఒక కొప్పు. తర్వాత ముక్కు, ముక్కెర. ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతున్న మనిషి!

"అవ్వా!" అని అరిచింది పర్వీన్.

యల్లమ్మ నాలుక కరుచుకుంది. "పెద్దోళ్లొస్తారంటిరి. పలకంతా ఎవడో పిల్లగాడు గీకిపెట్టినాడనుకుని, పొద్దున్నే దొండాకూ బొగ్గూ ఏసి గీతలు నల్లబడేదాకా రుద్దినా. మార్కాపురంలో పలక నల్లగా లేకుంటే మనకు నామోషీ గాదా తల్లీ!"

"నేను అప్పుడే అనుకున్నా!" శేషాద్రి తెల్లబడిన మీసం దువ్వాడు. "నేరస్థురాలూ ఈమే, కిడ్నాపైందీ ఈమే! చరిత్రలో ఇదే మొదటి కేసు!"

యల్లమ్మ పలక దగ్గరికి జరిగి తొంగిచూసింది. "ఇది... నేనా? ముక్కు ఇంత పెద్దగా గీకినాడేంది? వానికి రోజూ రెండు ముద్దలు ఎక్కువే పెడితిని గదా!" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు పైకెత్తింది.

"తుడవొద్దు!" ముగ్గురూ ఒక్కసారే ఆమె మీదికి ఉరికారు.

"ఓరి మీ అఘాయిత్యం పాడుగాను! నా కండ్లు కూడా నేను తుడుచుకోగూడదా?"