నోటి తడికి శాలువా

ఒక పెద్ద అడవిలో ఒక మడుగు, దాని పక్కనే ఏరు, రెంటినీ కలుపుతూ ఒక కాలువ ఉండేవి. ఆ కాలువకు అడ్డంగా మట్టిగట్టు వేయించినవారు అటవీ మండలి అధ్యక్షులు భూవరాహం గారు. ఆయన అడవిపంది. మడుగులో నీళ్ళు తగ్గితే బురద చిక్కబడుతుందనీ, చిక్కటి బురదలో పొర్లితేనే తనకు మంచి ఆలోచనలొస్తాయనీ ఆయన నమ్మకం. వచ్చిన ఆలోచనలేమిటో ఇంతవరకూ ఎవరికీ తెలీదు.

ఎండలు ముదిరాక మడుగులో కాస్త చెమ్మ మిగిలింది. అందులో రెండు చేపలు. శీలావతి చేప పేరు తాయారమ్మ, బొచ్చె చేప పేరు వెంకాయమ్మ. నీళ్ళున్న రోజుల్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు. ఇప్పుడు ఒకరి మీద ఒకరు నోటి తడి ఉమ్ముకుంటూ ప్రాణాలు నిలుపుకుంటున్నారు.

"మొప్పల మీద ఉమ్మవే, వెంకాయమ్మా! కంట్లో కాదు!"

"నోట్లో తడుంటేగా! నీతో పోట్లాడే ఓపికే లేదు, ఇంక గురి చూసి ఉమ్మాలా?"

గట్టు తెంచమని కబురు పెడితే మండలి కార్యదర్శి కోటేశం వచ్చాడు. కొండముచ్చు. చేపల్ని చూసి కళ్ళు తుడుచుకుని, గట్టు వైపైనా చూడకుండా అధ్యక్షుల దగ్గరికి పరిగెత్తాడు.

ఆ సమయానికి చీనా నుంచి విడిదికొచ్చిన కొంగ ఒకావిడ అక్కడుంది. కోటేశం చెప్పిన చేపల సంగతి ఆవిడా వింది.

"దీనికి మా దేశంలో నాలుగక్షరాల మాటే ఉందండీ," అంది. "ఊట ఎండి నేల మీద పడ్డ చేపలు నోటి నురగతో ఒకదాన్నొకటి తడుపుకున్నాయని వెనకటికి మా పెద్దాయనొకరు చెప్పారు. కష్టంలో ఒకరికొకరు ఆసరాగా నిలిచే ఆలుమగల్ని ఇప్పటికీ ఆ మాటతోనే మెచ్చుకుంటాం. అయితే, ఆయన అంతటితో ఆపలేదు..."

చప్పట్లు మోగాయి. కొంగ మెడలో దండ పడింది. మెడ పొడుగు గనక మరో నాలుగు పడ్డాయి. మిగతా మాట దండల కిందే ఉండిపోయింది.

"ఇంత గొప్ప సహకారం మన మడుగులోనే ఉందటయ్యా! వెంటనే సన్మానం చెయ్యాలి," అన్నారు భూవరాహం.

"వాళ్ళు గట్టు తెంచమంటున్నారండీ," అన్నాడు కోటేశం.

"తెంచితే ఉమ్ముకోవడం మానేస్తారు. అప్పుడు సన్మానం ఎవరికి చేస్తావ్, నీకా?"

మర్నాడు అడవంతా కదిలొచ్చింది. ఎత్తుగా ఉన్నది గట్టొక్కటే గనక దాన్నే వేదిక చేశారు. "ఈ గట్టే లేకపోతే ఈ సహకారం ఎక్కడిది?" అని అధ్యక్షులు అడిగారు. నిజమేనని అందరూ తలూపారు.

"చచ్చిపోతున్నాం బాబూ, నీళ్ళొదలండి!" అంది తాయారమ్మ.

"ఎంత నిరాడంబరం! సన్మానం వద్దు, నీళ్ళు చాలంటోంది," అన్నాడు కోటేశం గద్గదంగా. అని, చేపలిద్దరికీ శాలువాలు కప్పాడు. రాత్రంతా ఉమ్ముకున్న తడి కాస్తా శాలువాలు పీల్చేశాయి.

వెంకాయమ్మ కదలడం మానేసింది.

"లేవవే! నువ్వు పోతే నన్ను తిట్టేదెవరే?" తాయారమ్మకు నిజంగా భయమేసింది. శాలువా కిందనుంచి దేక్కుంటూ వెళ్ళి, నోట్లో మిగిలిన చివరి చుక్క ఆమె మొప్పల మీద వేసింది. సభంతా కన్నీరు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళు మడుగులో పడినా కొంత ఉపయోగముండేది.

ఇంత హృదయవిదారకమైన దృశ్యం వెనక వరుసలోంచి కనబడక, ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథి ఏనుగు దొరగారు గట్టెక్కారు.

గట్టు కూలింది. ఏరు మడుగులోకి దూకింది. శాలువాలు తేలాయి. వెంకాయమ్మ తోక ఆడింది.

"ఈ దిక్కు నాది, నువ్వటు పో!"

"పోతాలేవే! ఇంక నీ మొహం చూడక్కర్లేదు!"

అంతే, ఇద్దరూ ఏట్లో కలిసిపోయారు. ఆ తర్వాత ఒకరికొకరు గుర్తొచ్చారని నేననుకోను.

కొంగ దండలు తీసి పక్కన పెట్టింది. "ఒడ్డున పడి తడుపుకోవడం కన్నా, ఏట్లో ఒకరినొకరు మరిచిపోయి ఈదడమే మేలన్నారు మా పెద్దాయన. నిన్న చెప్పబోయిందదే," అంది. ఎవరూ వినలేదు. అందరూ భూవరాహం గారిని చూస్తున్నారు. కూలిన గట్టు మట్టిలో ఆయన మెడదాకా దిగబడి ఉన్నారు. అంత చిక్కటి బురద ఆయన జన్మలో చూళ్ళేదు.

"లాగండ్రా! ఊపిరాడట్లేదు!"

కోటేశం కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత ఓర్పు! ఎంత ఓర్పు!" అంటూ చప్పట్లు మొదలెట్టి, శాలువా కోసం మనిషిని పంపబోయి, అడవిలో మనుషులుండరని గుర్తొచ్చి తనే బయల్దేరాడు.

నీతి: ఇరుగుపొరుగు మధ్య సహకారం పెంచదలచినవారు ముందుగా వారి నీళ్ళు కట్టేయవలెను.