ఎలుక మీద నేరం

వాయువేగ మోటార్స్ వారి ఎలక్ట్రిక్ కారు కాలలేదనీ, దాన్ని ఒక ఎలుక కాల్చిందనీ స్వచ్ఛ వాహనాల మంత్రి పిల్లప్పగారు బెంగళూరు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. కంపెనీ రాసిచ్చిన కాగితాన్ని తడబడకుండా చదివారు. వైరు కొరికిన ఎలుక ప్రాణత్యాగానికి ఆయన గొంతు కాస్త బొంగురుపోయింది కూడా.

ఆ కారు మహదేవపురలో ఉండే నేత్రావతిది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఛార్జింగ్ పెట్టి, వెనక సీట్లోంచి తల్లి ఓబులమ్మను దింపుతుండగానే సీటు కింద నుంచి పొగ లేచింది. ఓబులమ్మ చీర కుచ్చిళ్ళు కాలాయి. అదే మోడల్ కార్లు ఆ బేస్‌మెంట్‌లో ఇంకో మూడున్నాయి. వాటి పక్కనే పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. టీవీలో మంత్రిగారిని చూస్తున్న నేత్రావతికి ఆ సైకిళ్ళే గుర్తొచ్చాయి.

మర్నాడు కంపెనీ పెద్ద మల్లికార్జున్ స్వీటు డబ్బాతో, కొత్త కారు తాళంతో ఇంటికొచ్చాడు. ఎలుకే కారణమని ఒక సంతకం పెడితే చాలన్నాడు.

"నా కాళ్ళ కిందే మంట లేసిందప్పా. ఎలుక యాడుండాది?" అంది ఓబులమ్మ.

"అది కనబడదమ్మా. కనబడకుండా కొరకడమే దాని స్పెషాలిటీ."

"బ్యాటరీ మా ముందు విప్పి చూపించండి," అంది నేత్రావతి.

"సారీ మేడమ్. బ్యాటరీ కంపెనీ సీక్రెట్."

"మరి ఎలుక?"

"అది పబ్లిక్."

నేత్రావతి తాళం తిరిగిచ్చేసింది. బేస్‌మెంట్ కెమెరాలో పడిన పొగ వీడియోను అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి ఊరంతా చూసింది. బ్యాటరీ సంగతి ప్రతిపక్షం వాళ్ళకు అర్థం కాలేదు గానీ ఎలుక బాగా అర్థమైంది. నగరంలో ఎలుకలు పెరిగిపోతుంటే ప్రభుత్వం నిద్రపోతోందా అని ఎలుకల బోనులు పట్టుకుని ధర్నాకు దిగారు.

పిల్లప్పగారు చలించలేదు. మళ్ళీ ప్రెస్‌మీట్ పెట్టారు. కారు అంతకు ముందు వారం హిందూపురం పెళ్ళికి వెళ్ళొచ్చినట్టు టోల్‌గేటు సాక్ష్యం ఉందనీ, ఎలుక అక్కడే ఎక్కిందనీ, కనుక ఇది అంతర్రాష్ట్ర సమస్య అనీ తేల్చారు. మన కర్ణాటక ఎలుకలకు పర్యావరణ స్పృహ ఉందన్నారు.

"మా హిందూపురం ఎలుకలకి ఇంగేం పని లేదా?" అని ఓబులమ్మ టీవీ మీదికి లేచింది.

వివాదం చల్లారకపోవడంతో, ప్రజల్లో నమ్మకం నింపడానికి మంత్రిగారు స్వయంగా అపార్ట్‌మెంటుకు దయచేశారు. అదే మోడల్ కొత్త కారుకు పూలదండ వేసి, టీవీ కెమెరాల ముందు నిలిపారు.

"రామ్మా నేత్రావతీ, నువ్వు మన తెలుగామెవే కదా. కారులో కూచో. భయం పోతుంది," అన్నారు.

"ముందు మీరు కూచోండి సార్. ఛార్జింగ్ పెట్టి చూద్దాం," అంది నేత్రావతి.

కెమెరాలన్నీ ఆయన వైపు తిరిగాయి. పిల్లప్పగారు చిరునవ్వుతో వెనక సీట్లో కూర్చున్నారు. ఛార్జింగ్ వైరు, ఆయన వెంట వచ్చిన మల్లికార్జున్ చేతిలో ఉంది. అతను కదలలేదు.

"పెట్టప్పా," అన్నారు మంత్రిగారు.

"ఎండ ఎక్కువగా ఉంది సార్."

"లోపల ఎలుక ఏమైనా ఉండాదా?"

"లేదు సార్. బ్రాండ్ న్యూ కారు."

"మరి పెట్టు."

మల్లికార్జున్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. "సార్... మీరు దిగాక పెడతాను," అన్నాడు మెల్లగా. మైకులు దగ్గరగా ఉండటంతో ఆ మాట రాష్ట్రమంతా వినబడింది.

"ఇటివ్వండి, నేను పెడతాను," అని నేత్రావతి అతని చేతిలోంచి వైరు లాక్కుంది. ఆమె కారును చేరేసరికి మంత్రిగారు టీవీ వ్యాను వెనక ఉన్నారు. ఆయన చెప్పు ఒకటి సీటు కిందే ఉండిపోయింది.

నేత్రావతి వైరు కింద పెట్టి తల్లి పక్కకు వెళ్ళి నిలబడింది. ఇంతలో బేస్‌మెంట్ ర్యాంపు మీద అలికిడైంది. అదే మోడల్ కార్లున్న మూడు కుటుంబాల వాళ్ళూ, ఆడా మగా, స్టార్ట్ కూడా చెయ్యకుండా వాటిని చేతులతో తోసుకుంటూ బయటికి తెస్తున్నారు. మంత్రిగారి వెంట వచ్చిన పార్టీ కార్యకర్తలు సైతం జెండాలు పక్కన పడేసి భుజం పట్టారు.

పిల్లప్పగారు ఒంటి చెప్పుతో వ్యాను వెనక నుంచి వచ్చి మైకు అందుకున్నారు.

"చూడండి! పొగ లేదు, శబ్దం లేదు. మా ప్రభుత్వం కోరుకున్నది ఇదే."