కొవ్వుకు కట్టిన కట్టు

ఆ ఉదయం బస్సు డ్రైవర్‌గారి పథకం చిన్నదే. కాఫీ జోలికి పోకుండా, ఎవరిమీదా అరవకుండా ఆసుపత్రికెళ్లి, బీపీ చూపించుకుని, ఫిట్‌నెస్ కాగితంమీద ముద్ర వేయించుకు రావాలి. పోయినసారి బీపీ ఎక్కువుందని డాక్టరు వెనక్కి పంపాడు. ఈసారీ అంతే అయితే స్టీరింగు లాక్కుని టికెట్ల కిటికీ వెనక కూర్చోబెడతారు. బస్సు తోలని బతుకూ ఒక బతుకేనా అన్నది ఆయన దిగులు.

చిక్కంతా డాక్టరు చెప్పిన మాటతో వచ్చింది. "కొవ్వు ఊరికే పడుంటుందనుకోకండి. లెప్టిన్ లాంటి హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అవి నరాల్ని రెచ్చగొడతాయి, కిడ్నీలు ఉప్పుని పట్టుకు కూర్చుంటాయి, బీపీ పైకెళ్తుంది. బరువు తగ్గండి" అన్నాడాయన. ఆ చివరి మాటొక్కటీ డ్రైవర్‌గారి చెవికెక్కలేదు.

మిగతాదంతా ఇంటికొచ్చి ఏకరువు పెడుతుంటే దర్జీ బామ్మర్ది చెవిన పడింది.

"అది పని చెయ్యబట్టేగా బావా ఈ గొడవ? కదలకుండా బిగించి కట్టేస్తే ఏం వదుల్తుంది, దాని మొహం!"

"మీ తమ్ముడికి బుర్రుందే!" అన్నాడు డ్రైవర్ భార్యతో, పెళ్లయ్యాక మొదటిసారి.

"వాడికుంటే ఉంది, మీదేమైందండీ?" అందావిడ. ఎవరూ వినిపించుకోలేదు.

బామ్మర్ది లైనింగు గుడ్డ తెచ్చి, బావ వీపుమీద మోకాలు ఆనించి, ఛాతీ నుంచి నడుం దాకా చుట్టి పిన్నీసు పెట్టాడు. డ్రైవర్ వంగలేకపోతే బూట్లు కూడా వాడే తొడిగాడు. ఆసుపత్రికెళ్లే బస్సులో సీటు ఖాళీగా ఉన్నా డ్రైవర్ కూర్చోలేక కడ్డీ పట్టుకు నిలబడ్డాడు. గోరుచుట్టుమీద రోకటిపోటులా ఎవరో పెద్దాయన, పాపం నడుం పట్టేసిందనుకుని, భుజాలు పట్టి బలవంతాన కూర్చోబెట్టాడు. అక్కణ్నించి ఆసుపత్రి దాకా డ్రైవర్‌కి ఊపిరి అందలేదు.

నర్సు బీపీ చూసి గుడ్లు తేలేసింది. "నూటతొంభై సార్!"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. డ్రైవర్‌కి కళ్లముందు టికెట్ల కిటికీ కనిపించి ఏడుపొచ్చింది.

"కంగారుపడకండి. గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నాడు డాక్టరు. ఆయనా తక్కువ మనిషేం కాదు, గదిలోకి ఆయనకంటే ముందు పొట్ట వస్తుంది.

డ్రైవర్ పీల్చాడు. పిన్నీసు ఎగిరి డాక్టరు టీ కప్పులో పడింది. చొక్కా కిందనుంచి గుడ్డ కొస తొంగిచూసింది. ఏదో దెబ్బకి కట్టిన కట్టనుకుని నర్సు లాగింది. ఆవిడ లాగుతున్నకొద్దీ డ్రైవర్ బొంగరంలా తిరిగి, తిరిగి, చివరికి డాక్టరు ఒళ్లో కూలబడ్డాడు. కుర్చీతో సహా ఇద్దరూ నేలమీదకొచ్చారు.

"ఏంటయ్యా ఇది?"

"హార్మోన్లు బయటికి రాకుండా కట్టేశామండీ."

"తగ్గించమన్నాను గానీ మూట కట్టమన్నానా!" డాక్టరు గొంతు వరండా దాకా వినిపించింది.

నర్సు డ్రైవర్‌ని కాసేపు పడుకోబెట్టి మళ్లీ చూసింది. "నూటముప్పై ఎనిమిది. పర్లేదు సార్." డాక్టరు ఇంకా రొప్పుతూనే ఉంటే ఆ బీపీ పట్టీ ఆయన చేతికీ చుట్టింది. చూసి, గొంతు తగ్గించి, "నూటఎనభై. మీరు కూడా కాస్త పడుకోండి సార్" అంది.

డాక్టరు గబగబా ముద్ర వేశాడు, మూడు నెలల్లో బరువు తగ్గి మళ్లీ కనిపించాలన్న షరతుమీద. డ్రైవర్ ఆ కాగితం కళ్లకద్దుకుని, గుడ్డ చుట్టచుట్టి చంకన పెట్టుకుని గుమ్మం దాటబోయాడు.

"ఇదిగో" అని పిలిచాడు డాక్టరు, నర్సు అటు తిరిగాక. "ఆ గుడ్డ ఎన్ని మీటర్లు పట్టింది?"