కొండ మీద ఊరికి ఊరివాళ్ళెందుకు?

కొండ మీది విహార పట్టణానికి పట్టిన అసలు దరిద్రం ఏమిటో తెలుసా? చెత్త కాదు, ట్రాఫిక్ కాదు, పార్కింగ్ కాదు. అక్కడ కాపురముండే జనం!

మీరే ఆలోచించండి. సెలవు పెట్టి, సూట్‌కేసులు సర్దుకుని, ఇరవై రెండు మలుపులు తిరిగి, నాలుగు మలుపులకోసారి కారు ఆపి కక్కుకుని మీరు పైకి చేరేది దేనికి? ప్రకృతి కోసం. తీరా బాల్కనీలో నిలబడి లోయకేసి ఫోన్ ఎత్తితే, ఫ్రేములో ఎవరో గ్యాస్ సిలిండర్ దొర్లించుకుంటూ పోతుంటారు. ఇంకెవరో బడికి టైమైందని పిల్లల మీద కేకలేస్తుంటారు. ఇందుకా మీరొచ్చింది?

అందుకే ఇలాంటి ఊళ్ళు ఊరివాళ్ళని నెమ్మదిగా కొండ దించేస్తున్నాయని విన్నప్పుడు నాకు కడుపు నిండినంత పనైంది. దీన్ని అన్యాయం అనేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ కోసమే ఈ ప్లంబర్ సంగతి చెబుతున్నాను. విన్నాక తీర్పు మీదే.

అతను ఆ ఊళ్ళోనే పుట్టాడు. ఏ పైపు ఏ గోడలోంచి పోయి ఎక్కడ వంగుతుందో, ఎవరింట్లో కుళాయి ఏ రాగం తీస్తుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అతనూ, భార్యా, అత్తగారూ లోయ అంచున రెండు గదుల అద్దె ఇంట్లో పద్నాలుగేళ్ళు ఉన్నారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. గుమ్మంలో ఎండ పడే చోట స్టూలు వేసుకుని కూర్చోవడమే ఆవిడకున్న వ్యాపకం.

ఇంటి ఓనరమ్మ చెడ్డమనిషి కాదు. ఒకరోజు వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, చాలాసేపు నేలచూపులు చూసి, ఇల్లు హోమ్‌స్టే చేద్దామనుకుంటున్నానని చెప్పింది. చుట్టుపక్కల అందరూ చేసేశారట. ఊళ్ళోనే ఇంకో ఇల్లు చూసుకోమంది.

ప్లంబర్ చూశాడు. బేకరీ మీది గది అప్పటికే ‘క్లౌడ్ నెస్ట్’ అయిపోయింది. బడి పంతులు ఖాళీ చేసిన వాటా ‘మిస్టీ డ్రీమ్స్’ అయింది. ఆఖరికి ఒక పశువుల కొట్టానికి ‘రస్టిక్ కాటేజ్’ అని బోర్డు తగిలించి, ఆవుకి బదులు కొత్తగా పెళ్ళైన జంటని కట్టేశారు.

దాంతో ముగ్గురూ సామాను లారీకెక్కించుకుని కొండ కిందికి దిగిపోయారు. పంతులూ, నర్సూ, బస్టాండు ఊడ్చే ఆవిడా అప్పటికే అక్కడ ఉన్నారు. పొద్దున్నే అంతా ఒకే బస్సులో పైకెళ్ళి ఊరిని నడిపి, సాయంత్రానికి దిగిపోయేవారు. ఎంత శుభ్రమైన ఏర్పాటో చూశారా! నాటకంలో కుర్చీలు సర్దేవాళ్ళు తెర లేచాక కూడా స్టేజీ మీదే తిరుగుతుంటే ఏం బాగుంటుంది?

కింద ఇంట్లో ఎండ రాదని అత్తగారు అంది. ఒక్కసారే అంది. ఆ తర్వాత ఏమీ అనడమే మానేసింది. ప్లంబర్‌కి గుచ్చుకున్నది అదే.

మరుసటి ఏడాది సీజన్ మధ్యలో చలి విరుచుకుపడింది. ఒకరోజు తెల్లారేసరికి ఊళ్ళో పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి, ఒక్కొక్కటే పగలడం మొదలైంది. ప్లంబర్ ఎక్కిన బస్సు పద్నాలుగో మలుపు దగ్గర ఇరుక్కుపోయి ఉంది. ముందు కనుచూపు మేర కార్లు. అన్నీ ప్రశాంతత కోసం హారన్ కొడుతున్నాయి.

ఫోన్లు మొదలయ్యాయి. ప్లంబర్ సీట్లో కూర్చునే ఊరికి వైద్యం చేశాడు. బేకరీ వాళ్ళని అలమారా జరపమన్నాడు. హోటల్ మేనేజర్ని మెట్ల కిందికి పాకమన్నాడు. ఒక లాడ్జిలో తల నిండా షాంపూ నురగతో ఉన్న పెద్దమనిషి ఫోన్ లాక్కుని, తనెవరో తెలుసా అని అడిగాడు. అది తెలియదనీ, ఆయన బాత్రూమ్‌లో ఎర్ర పిడి ఎటు తిప్పాలో మాత్రం తెలుసుననీ ప్లంబర్ వినయంగా మనవి చేసుకున్నాడు.

చివరికి ఓనరమ్మ చేసింది. వంటింటి నేల కింది నుంచి నీళ్ళు ఉబికి వస్తున్నాయట. గెస్టులు మంచాలెక్కి నిలబడ్డారట. వాల్వు ఎక్కడుందో ఆవిడకి తెలియదు. ఎలా తెలుస్తుంది? దాన్ని ప్లంబరే తన చేతుల్తో బిగించి, పైన బండ పరిచాడు. అన్నీ ఒకేలా ఉండే బండల్లో అది ఏదో ఫోన్లో చెబితే తెలిసేది కాదు.

అతను బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, కార్ల మధ్య నుంచి మిగిలిన మలుపులన్నీ నడిచి ఎక్కాడు. ఇంట్లో చీలమండల లోతు నీళ్ళు. అయినా అలవాటు కొద్దీ చెప్పులు ఎప్పుడూ విడిచే మూలనే విడిచాడు. అక్కడిప్పుడు పూలకుండీ ఉంది.

బండ ఎత్తాడు, మోచేతి దాకా చెయ్యి పెట్టి వాల్వు కట్టేశాడు. మంచాల మీది గెస్టులు చప్పట్లు కొట్టారు. వాళ్ళలో ఒకావిడ ఉత్సాహంగా, మీరు లోకలా అని అడిగింది. మూడు రోజులుగా తిరుగుతున్నా ఒక్క లోకల్ మనిషీ తగల్లేదట. ఎటు చూసినా తమలాంటి వాళ్ళేనట. ఇక్కడి జనం ఎలా బతుకుతారో చూద్దామనే ఇంత దూరం వచ్చారట.

“లోకలేనండి,” అన్నాడు ప్లంబర్. “ఈ ఇల్లే. నిరుడు దాకా.”

ఓనరమ్మ పిండిన గుడ్డనే మళ్ళీ పిండింది.

పైపు మార్చాక అతను ఆవిడని పక్కకి పిలిచాడు. దారి పొడవునా మలుపు మలుపునా మనసులో పేర్చుకున్న మాటలే.

“అమ్మా, ఇది మార్చాను. గోడలో ఉన్నది కూడా దీని ఈడుదే. ఎప్పుడు పోతుందో చెప్పలేను. పోయినప్పుడు నేను మాత్రం ఏ బస్సులోనో ఉంటాను.”

ఆవిడ తడిసిన పరుపుల కేసి చూసింది. గెస్టుల కేసి చూసింది.

“వెనక గది ఇస్తే సర్దుకుంటారా నాయనా?” అంది.

వారం తిరక్కుండా ముగ్గురూ ఎక్కి వచ్చేశారు. రెండు గదులు ఒకటయ్యాయి. అయితేనేం, ఎండ అదే. అత్తగారు స్టూలు వేసుకుని సాయంత్రం దాకా గుమ్మం వదల్లేదు. ప్లంబర్ ఆ రోజు ఏదో ఒక వంక పెట్టుకుని రెండుసార్లు ఇంటికొచ్చి ఆవిణ్ణి చూసిపోయాడు.

కథ ఇక్కడితో ఆగితే నా వాదన ఓడిపోయేది. కానీ ఓనరమ్మకి ఒక తమ్ముడున్నాడు. ఇంటర్నెట్‌లో హోమ్‌స్టే పేజీ చూసేది అతనే. అందులో ఒక్క ముక్క చేర్చాడు: ‘నిజమైన స్థానిక కుటుంబంతో సహా’. అంతే, బుకింగులు వచ్చిపడ్డాయి! అది చూసి క్లౌడ్ నెస్ట్ వాళ్ళూ, మిస్టీ డ్రీమ్స్ వాళ్ళూ కుటుంబాలు కావాలని కొండ కిందికి కబురు పెట్టారు. పంతులికి ఇద్దరు పిల్లలు, పైగా బుగ్గలున్న పిల్లలు. ఆయన కోసం పోటీ పడ్డారు. నర్సు ఒంటరి మనిషి కావడంతో ఇంకా బస్సులోనే తిరుగుతోంది.

ఇప్పుడు ఊళ్ళో ఊరివాళ్ళున్నారు. గెస్టులు వచ్చి దిగేది పన్నెండుకి కాబట్టి ప్లంబర్ భార్య బట్టలు పన్నెండున్నరకి ఆరేస్తుంది. ప్లంబర్ సంచి తగిలించుకుని గేటు దాటతాడు. ఫొటో సరిగ్గా రాలేదంటే వెనక్కొచ్చి మళ్ళీ దాటతాడు. పాఠక మహాశయులారా, పుట్టిన ఊళ్ళో ఉండడానికి మనిషికి ఇన్నాళ్ళకి ఒక హోదా దొరికింది! వైఫై, వేణ్ణీళ్ళు, పార్కింగ్, ఆ తర్వాత అతనే. ఇంకేం కావాలి?

పోయిన వారం మాత్రం చిన్న ఇబ్బంది వచ్చింది. ఎవరో గెస్టు లోయకి ఐదు నక్షత్రాలిచ్చి, కుటుంబానికి నాలుగే ఇచ్చాడు. పెద్దావిడ నవ్వదని రాశాడు. ఓనరమ్మ రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, ఆఖరికి స్టూలు పక్కన చతికిలబడింది. అడగడానికి సిగ్గుగానే ఉందని చెప్పి, వచ్చేవాళ్ళని చూసి కాస్త నవ్వమని బతిమాలింది.

అత్తగారు కాళ్ళు ఎండలోకి ఇంకాస్త చాపుకుంది.

“నవ్వుతాలే అమ్మాయ్,” అంది. “వాళ్ళు వెళ్ళేది ఎప్పుడో చెప్పు.”