టీచరు లేని ఇంగ్లీషు

"ఈ క్షణం నుంచి మీకు స్వేచ్ఛ ఇస్తున్నాను!" అని మంత్రి భూపేష్ గారు పత్తికొండ సభలో ప్రకటించినప్పుడు, వెనక వరసలో ఉన్న నేనూ చప్పట్లు కొట్టాను. ఆ స్వేచ్ఛ మా ఊరి హైస్కూలు పిల్లలకు. ఇంగ్లీషులో ఏం చదవాలో, ఎలా చదవాలో ఇకమీద వాళ్లే తేల్చుకుంటారు. పేరు 'లెర్నర్ అటానమీ'. ఫారిన్ టూరులో చూసి వచ్చారట.

మా స్కూలుకు ఇంగ్లీషు టీచరు ఎలాగూ లేడు. ఉన్నాయన బదిలీ అయ్యాక ఇంకెవరూ రాలేదు. నిన్నటిదాకా దాన్ని ఖాళీ అనేవాళ్లం. మంత్రిగారి దయవల్ల అది విధానం అయింది.

దాన్ని కళ్లారా చూడ్డానికి మంత్రిగారు వస్తున్నారని, విద్యాశాఖ అధికారి చంద్రమోహన్ గారు ముందురోజే స్కూలుకు వచ్చారు. తల్లిదండ్రుల కమిటీ తరఫున నేనూ వెళ్లాను.

"రేపు మీ ఇష్టమొచ్చింది మాట్లాడొచ్చు. ఏం మాట్లాడాలో నేను చెప్తా," అన్నారాయన పిల్లలతో. "'వీ లెర్న్ ఫ్రీలీ.' అందరూ ఒకేసారి అనాల!"

పదో తరగతి తనూజ లేచింది. వాళ్లమ్మ గిడ్డమ్మ టమోటా మార్కెట్లో కాయలు ఏరుతుంది.

"మా ఇష్టమే అయితే మాకు టీచరు కావాల సార్. పబ్లిక్ పరీక్ష వస్తాండాది. యాడ తప్పు రాస్తాండామో చెప్పేవాళ్లే లేరు."

"అదొక్కటి తప్ప ఏదైనా కోరుకో తల్లీ," అన్నారు సార్ ఆప్యాయంగా. "టీచరును అడుగుతున్నావంటే నీకింకా స్వేచ్ఛ అర్థం కాలేదు."

సాయంత్రం తనూజ మా ఇంటికొచ్చి డిక్షనరీ అడిగింది.

"ఎందుకమ్మా?"

"తెలుగులో అడిగితే ఎవరూ ఇన్లేదు మామా. ఇంగ్లీషులో అడిగి చూస్తా."

మరునాడు మంత్రిగారు కెమెరాలతో సహా విచ్చేశారు. పిల్లలంతా ఒకే గొంతుతో తమ స్వేచ్ఛను చాటారు. అంతలో తనూజ ముందుకు నడిచింది. నేరుగా మంత్రిగారితోనే చెప్పింది.

"సర్, వీ హావ్ నో ఇంగ్లీష్ టీచర్. వీ ఆర్ అఫ్రెయిడ్ వీ విల్ ఫెయిల్. ప్లీజ్ సెండ్ అస్ వన్ టీచర్."

చంద్రమోహన్ గారి ముఖం పాలిపోయింది. నాకైతే ఈల వేయాలనిపించింది.

మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. "ఇన్నారా! టీచరు లేకనే ఎంత బాగా మాట్లాడతాండాదో!" అంటూ తన మెడలోని శాలువా తీసి ఆ పిల్లకు కప్పారు.

"సార్, నేను అడిగింది..." అని తనూజ తెలుగులో మొదలుపెట్టింది. చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు.

మంత్రిగారు అధికారి వైపు తిరిగారు. "ఈడ లెక్కలెవరు చెప్తాండారప్పా?"

"మునీంద్ర అని ఒకాయన ఉన్నారు సార్. శానా బాగా చెప్తారు."

"ఆయన్ని గూడా పంపించేయండి."