సూరిబాబు మూడు మెట్ల స్టాండు

ఆ ఆదివారం ఉదయం సూరిబాబు పెట్టుకున్న పని చాలా చిన్నది. వడ్రంగి పైడయ్య చేతిలో ఒక కాగితం పెట్టి, ఇడ్లీలు చల్లారేలోపు ఇంటికి వచ్చేయాలి. అంతే.

సుంగై సుమున్ దగ్గరి కొబ్బరి ఎస్టేటులో సూరిబాబు ఆస్పత్రి డ్రెస్సరు. డాక్టరు నెలకోసారి వస్తాడు కాబట్టి మిగతా రోజులన్నీ అతనే డాక్టరు. సూది నొప్పి లేకుండా వేస్తాడని పేరు. కానీ కువాలా సెలంగోర్ రైసుమిల్లులో ఫిట్టరుగా పనిచేసే మామగారు కూర్మయ్య దృష్టిలో సూది వేయడం పనే కాదు. చెక్క కోయడం, మేకు దింపడం, ఇనుము వంచడం వచ్చినవాడే మనిషి. పెళ్లయిన కొత్తలో అల్లుడు తన చేత్తో చేసిన స్టూలు మీద ఆయన కూర్చున్నాడు. స్టూలూ ఆయనా కలిసే నేలకు చేరారు. అప్పటినుంచి పదేళ్లుగా ఆ ఇంట్లో ఏ కుర్చీనైనా చేత్తో ఊపి చూసిగానీ కూర్చోడు. అల్లుడు చేసినదాన్ని ‘బాగుంది’ అన్న పాపాన పోలేదు.

సూరిబాబుకు ఆ ఒక్క మాట కావాలి. ఆగస్టు ముప్పై ఒకటిన మలయాకు స్వాతంత్ర్యం వస్తోంది. ఆ మెర్డెకా పండుగకు మామగారు కూడా వస్తున్నాడు. సూరిబాబు స్వాతంత్ర్యం గురించి పెద్దగా కంగారు పడలేదు.

కూర్మయ్యకు బీరంటే ప్రాణం. సూరిబాబు భార్య దేవకి మాత్రం తండ్రి కోసమైనా సరే ఇంట్లోకి సీసా రానివ్వదు. ఇలా ఉండగా, అడవి గస్తీలో కాళ్లు పుండ్లుపడిన ఇంగ్లీషు సిపాయి ఒకడు పది రోజులు ఆస్పత్రిలో పడుకుని, తమ ఊళ్లో ఇంటి బీరు ఎలా చేస్తారో పూసగుచ్చినట్టు చెప్పి వెళ్లాడు. మొలకెత్తిన బార్లీ, ఉడుకు నీళ్లు, పంచదార, ఆపైన ఓపిక. దానికి సూరిబాబు తన బుర్ర జోడించాడు. గుండిగలు ఎత్తి దించే బాధ లేకుండా మూడు మెట్ల స్టాండు ఒకటి గీశాడు. పై మెట్టు మీద ఉడుకు నీళ్ల డ్రమ్ము, నడిమి మెట్టు మీద బార్లీ డ్రమ్ము, కింది మెట్టు మీద రసం పట్టే డ్రమ్ము. మెట్టుకో కన్నం, కన్నంలోంచి ఆస్పత్రి రబ్బరు గొట్టం. పైన పోసింది తనంతట తానే కిందికి దిగుతుంది. జ్వరం చార్టు వెనక గీసుకున్న ఆ బొమ్మను చూసి చాలాసేపు మురిసిపోయాడు.

పైడయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“ఏటిది డ్రెస్సరు బాబూ? దేనికి?”

సూరిబాబు నిజం చెప్పబోయి ఆగాడు. పైడయ్య భార్య ఎర్రమ్మ, దేవకి రామమందిరంలో భజనకు ఒకే చాప మీద కూర్చుంటారు.

“మెర్డెకాకి” అన్నాడు. అబద్ధమేమీ కాదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. పైడయ్య మాత్రం కాగితాన్ని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు సూరిబాబు బజారుకు వెళ్లి ఒక మూట బార్లీ, ఒక మూట పంచదార సైకిలుకు కట్టుకుని వచ్చాడు. అవి ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు తిండి చేరకూడదని ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె వేశారు, గేటు దగ్గర పోలీసులు కూలీల అన్నం గిన్నెలు కూడా మూత తీసి చూసేవారు. మలయ్ సార్జంటు రెండు మూటలూ విప్పించాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే కదా, ఇంత పంచదార ఎవరికని అడిగాడు. సూరిబాబు నోటికి ముందురోజు అలవాటైన మాటే వచ్చింది.

“మెర్డెకాకి, తువాన్. అందరికీ బార్లీ నీళ్లు.”

“మంచిది. నేనూ వచ్చి తాగుతాను” అన్నాడు సార్జంటు, మలయ్‌లో, ఏమాత్రం నవ్వకుండా. ఆరోజు బార్లీ నీళ్లు కనబడకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

సాయంత్రానికి రామమందిరం పెద్ద పెద్దన్న పూలదండతో దిగాడు.

“డ్రెస్సరు గోరూ, వేదిక సంగతి పైడయ్య సెప్పినాడు. బార్లీ నీళ్ల సంగతి సార్జంటు సెప్పినాడు. మీరు మాత్రం నోరిప్పనేదు. ఇంత పని గుట్టుగా సేత్తారా?”

“నాకే సెప్పనేదు మావయ్యా” అంది దేవకి గుమ్మంలోంచి. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. భర్తను ఆమె అంత గర్వంగా చూడడం సూరిబాబు అదే మొదటిసారి చూశాడు. ఆ పూట అన్నంలో నెయ్యి రెండు గరిటెలు ఎక్కువ పడింది. అతనికి మాత్రం సిగ్గుతో ముద్ద మింగుడు పడలేదు. బార్లీ, పంచదార రెండూ మందిరం కొట్లోకి వెళ్లి తాళంలో పడ్డాయి.

మిగిలిన స్టాండునైనా ఆపుదామని పైడయ్య దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ స్టాండు అతను గీసినదానికి రెట్టింపయి నిలబడి ఉంది.

“మనుసులెక్కేది కదా బాబూ, బలంగా సేసినాను” అన్నాడు పైడయ్య. “కన్నాలెందుకో మీరు రాయనేదు. జెండా కర్రలకని నానే కనిపెట్టినాను.”

పండుగకు ముందురోజు కూర్మయ్య బస్సు దిగాడు. దేవకి తండ్రికి సంగతంతా చెప్పింది. ఆయన ఇంటి కుర్చీని ఊపి చూసి కూర్చున్నాడు.

“కట్టించడం ఏరు, కట్టడం ఏరు. రేపు నిలబడితే సూద్దాం” అన్నాడు.

తెల్లవారింది. మందిరం ముందు మామిడాకుల తోరణాలు, కొత్త జెండాలు, మూడు వందల మంది జనం. వేదికకు మూడు మెట్లున్నాయి కాబట్టి పెద్దన్న ముగ్గురు పెద్దల్ని ఎంచాడు. పక్క మలయ్ పల్లె నుంచి ఊరిపెద్ద అయిన పెంఘులు, చీనా దుకాణం యజమాని తౌకే, తెలుగువాళ్ల తరఫున తాను. అక్కడే వచ్చింది చిక్కు. పై మెట్టు ఎక్కమంటే పెంఘులు గుండె మీద చెయ్యి వేసుకుని, ఈరోజు ఒకరి కంటే ఎత్తున నిలబడితే బాగుండదన్నాడు. తౌకే ముందు వయసులో పెద్దవాళ్లను ఎక్కమన్నాడు. పోనీ తాను కింది మెట్టు మీద నిలబడతానని పెద్దన్న అంటే, కూలి లైన్లలో కాపురముండే వాళ్లు ఊరుకోలేదు.

“మెర్డెకా నాడు కూడా మనమే కిందా?” అన్నారెవరో.

ఎవరూ గొంతు పెంచలేదు. ముగ్గురూ ఎంతో మర్యాదగా, చేతులు చూపిస్తూ, ఒకరినొకరు పైకి తోసుకున్నారు. ఎండ ముదిరింది. పిల్లల చేతుల్లో జెండాలు వాలిపోయాయి. సార్జంటు బార్లీ నీళ్ల కోసం మెడ చాచి చూడడం మొదలుపెట్టాడు. చివరికి పెద్దన్న జనంలో సూరిబాబును పట్టుకున్నాడు.

“ఎవరెక్కడ నిలబడాలని గీసినారు బాబూ? మీరే సెప్పండి.”

మూడు వందల ముఖాలు ఇటు తిరిగాయి. అన్నిటికంటే ముందు, చేతులు కట్టుకుని, మామగారి ముఖం.  సూరిబాబు కొత్త అబద్ధం కోసం వెతికాడు, ఒక్కటీ దొరకలేదు. వేరే దారిలేక నిజం చెప్పాడు.

“ఇది మనుసులెక్కేది కాదండి. డ్రమ్ములెట్టేది.”

 ఆ మాట అనేసి అతను ఎవరివైపూ చూడకుండా పనిలో దిగాడు. జెండా కర్రలు తీయించి, మెట్టుకో డ్రమ్ము ఎక్కించి, ఆడవాళ్లు ఉడికించి పెట్టిన బార్లీ నీళ్లు పై డ్రమ్ములో పోయించాడు. పంచదార పాకం నడిమి డ్రమ్ములో, తౌకే పంపిన ఐసుగడ్డలు కింది డ్రమ్ములో. ఆస్పత్రి నుంచి గొట్టాలు తెప్పించి కన్నాల్లోంచి దింపి, సెలైన్ సీసాకు వేసే క్లిప్పు పైన వేశాడు. అది వదలగానే బార్లీ నీళ్లు మెల్లగా దిగి, పాకంలో కలిసి, ఐసు మీదుగా పారి, కింది కుళాయిలోంచి చల్లగా, పసుపచ్చగా వచ్చాయి. ఒక్క చుక్క నేల మీద పడలేదు.

జనం చప్పట్లు కొట్టారు. పెంఘులు, తౌకే, పెద్దన్న ఒకే నేల మీద పక్కపక్కన నిలబడి గ్లాసులు ఎత్తారు. సార్జంటు మూడు గ్లాసులు తాగి, మీసం తుడుచుకుని, గేటుకు వెళ్లిపోయాడు.

కూర్మయ్య మాత్రం గ్లాసు పట్టుకుని స్టాండు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కాళ్లు పట్టి ఊపాడు. వేలితో గొట్టం వెంబడే పైనుంచి కిందిదాకా వచ్చాడు. వంగి కన్నాల్లోకి చూశాడు. ఆ తర్వాత గ్లాసు ఖాళీ చేశాడు.

“బాగుంది” అన్నాడు.

 పదేళ్లు ఎదురుచూసిన మాట ఇంత మామూలుగా వస్తుందని సూరిబాబు అనుకోలేదు.

కూర్మయ్య కూతురు ఎంత దూరంలో ఉందో చూసుకుని, అల్లుడి చెవి దగ్గరికి వంగాడు.

“బార్లీ నీళ్లకి ఇంత యంత్రమెందుకో నాకు తెల్దనుకున్నావేటి అల్లుడా? మూతెట్టి పది రోజులుంచుంటే ఇంకా బాగుణ్ణు. వొచ్చే నెల నువ్వొక్కడివే మా ఊరు రా. మా మిల్లు ఎనకాల సోటుంది.”

సూరిబాబు అక్కడికక్కడే వంగి, పదేళ్లలో మొదటిసారి మనస్ఫూర్తిగా మామగారి కాళ్లకు దండం పెట్టాడు.

దూరం నుంచి చూసిన దేవకి, స్వాతంత్ర్యం వస్తే మనుషులు ఇంతగా మారిపోతారా అని కళ్లు ఒత్తుకుంది.