మంచానికి బదిలీ

శనివారం పొద్దున ఆదాము అనుకున్నది చిన్న పని. పడకగదిలో ఉన్న డబల్‌కాటు అమ్మేయాలి. ఆ గదిలో నవారు మంచం వేసుకోవాలి. భోజనం చేసి, తలుపు మూసుకుని, కడుపునిండా నిద్రపోవాలి. అంతకుమించి అతను దేవుణ్ణి గాని, మనుషుల్ని గాని ఏమీ అడగలేదు.

భార్య మెర్సీ పోయిన దగ్గర్నుంచి అతనికి నిద్ర లేదు. ఆ టేకు మంచం మీద సగం ఖాళీ. ఖాళీ వైపుకి దొర్లితే మెలకువ వస్తుంది. ఇటువైపే ఉంటే కన్ను మూతపడదు. హాల్లో నవారు మంచం వేసుకుంటే వీధిలో లారీల మోత. అక్కడినుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి అక్కడికి తిరిగి తిరిగి తెల్లారేసరికి ఎవరి మీదో తెలియని కోపంతో లేచేవాడు. ఎవరు ముందు కనిపిస్తే ఆ కోపం వాళ్ళది.

నెల్లిమర్లలో ఆ కోపం రుచి చూడనివాళ్ళు తక్కువ. మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఆదాము చర్చిలో సంఘపెద్ద. అబద్ధమంటే పడదు. ఈస్టరుకి ముందు, క్వయర్లో పాడే జేమ్స్ జ్వరమని చెప్పి ప్రాక్టీసు ఎగ్గొట్టి, విజయనగరంలో క్రికెట్ చూస్తూ దొరికిపోయాడు. ఇద్దరు బిడ్డల తండ్రి, సంఘం ముందు నిలబడి క్షమించమని ఏడ్చాడు. పాస్టరుగారు క్షమించారు. ఆదాము క్షమించలేదు. "అబద్ధమాడిన నోటితో పాటెలగ పాడతాడు?" అని క్వయర్లోంచి తీయించాడు. జేమ్స్ అక్క స్వర్ణ స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఆమె ఆ తర్వాత కూడా ఆదాముకి వందనాలు చెబుతూనే ఉంది. చెప్పేటప్పుడు మొహం చూడడం మానేసింది.

ఎదురుగా దాలయ్యది సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు. పాత సామాన్లు అమ్మే యాప్ అతని ఫోనులో ఉంది. దాలయ్య వచ్చి మంచానికి నాలుగు ఫొటోలు తీసి, అరుగు మీద కూర్చున్నాడు.

"మావా, ఇదిగో, 'అమ్మడానికి కారణం' అనడుగుతంది. ఏటి రాయమంటావు?"

"ఉన్నదే రాయి. నా భార్య దాని మీద పోనాది. నాకు నిద్ర పట్టట్లేదు."

దాలయ్య ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. "మనిసి పోయిన మంచమని రాస్తే ఎవులు కొంతారు మావా? దెయ్యంతో కలిపి అమ్ముతన్నావనుకుంటారు."

"మరేటి రాస్తావు?"

"బదిలీ మీద ఎల్తన్నాం అని. ఇందులో అందరూ అదే రాస్తారు. సూడు. ఫ్రిజ్జు, బదిలీ. సోఫా, బదిలీ. కుక్కపిల్ల, అదీ బదిలీయే. జిల్లా మొత్తం బదిలీలోనే ఉన్నాది."

"రిటైరైనోడికి బదిలీ ఏటిరా?"

"మంచం కొనుక్కునేవోడు నీ సర్వీసు కాయితాలు సూస్తాడేటి?"

ఆదాముకి లోపల ఏదో గుచ్చుకుంది. కాని నిద్ర అంతకంటే గట్టిగా గుచ్చుతోంది. "రాయి" అన్నాడు. దాలయ్య రాశాడు. అడగకుండానే ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. ఊరికి ఉపకారం చేసేవాళ్ళు ఎవరినీ అడగరు.

ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు "మంచం ఉందాండీ?" అన్నాడు. "ఉంది" అన్నాడు ఆదాము. "సరే" అని పెట్టేశాడు. ఇంకొకడు "లాస్ట్ ఎంతకిస్తారు?" అన్నాడు. "ఫస్టు ఎంతో నువ్వడగలేదు" అన్నాడు ఆదాము. బొబ్బిలి నుంచి ఒకాయన మంచానికి బదులు పెయ్యదూడ ఇస్తానన్నాడు. ఒకావిడకి మంచం వద్దు, ఫొటోలో మంచం మీదున్న దుప్పటి కావాలి. ఆదాము ఇంట్లోకీ వీధిలోకీ తిరుగుతూ అందరినీ తిట్టాడు. గంజి చల్లారిపోయింది.

అప్పుడు గేటు తీసుకుని స్వర్ణ వచ్చింది. చేతిలో గోనెసంచి ఉంది.

"వందనాలన్నయ్యా. బదిలీ మీద ఎల్తన్నారంట. గ్రూపులో సూసి తెలుసుకోవలసొచ్చింది. సంఘానికి ఒక్క ముక్క సెప్పకూడదేటి?"

ఆదాము నోరు తెరిచాడు. ఎదురుగా ఉన్నది పాస్టరుగారైనా, పాలవాడైనా నిజం చెప్పేసేవాడే. ఉన్నది స్వర్ణ. బదిలీ అబద్ధమని చెబితే రేపు ఆరాధన మొదలవకముందే అది జేమ్స్‌కి తెలుస్తుంది. ఆ తర్వాత ఊరు మొత్తానికీ.

"చెబుదామనే అనుకుంటన్నాను" అన్నాడు.

"ఎక్కడికి?"

స్టేషన్లో రైలు కూత వేసింది. "ఆమదాలవలస" అన్నాడు.

"రిటైరైపోయారు కదా, మరేటి పని?"

"రైసుమిల్లు. వాచ్‌మెన్."

స్వర్ణ చాలాకాలానికి అతని మొహంలోకి చూసింది. అంత ఆనందంగా ఎవరూ అతని వైపు చూసి ఎన్నాళ్ళయిందో. "దేవుడు దారి సూపించాడన్నమాట" అంది. "మరి ఆ క్రోటన్ మొక్కలు అక్కడికేటి మోస్తారు? మెర్సీ వదిన గుర్తుగా నాకిచ్చేయండి." ఇమ్మని అడిగినట్టే ఉంది. కుండీలు అప్పటికే గోనెసంచిలోకి వెళ్తున్నాయి.

ఆమె వెళ్ళాక ఆదాము ఓ ఉపాయం ఆలోచించాడు. మంచం అమ్మేసి, ఆమదాలవలస పోయి, నాలుగు రోజులు ఎక్కడైనా తలదాచుకుని వచ్చేస్తాడు. 'ఒంట్లో బాగోలేదు, ఉద్యోగం మానేశాను' అంటాడు. మంచి ఉపాయమే. జేమ్స్ చెప్పింది కూడా అదే. ఆ సంగతి ఆదాముకి తట్టలేదు.

ఆదివారం ఆరాధన చివర్లో పాస్టరు ఎలీషాగారు మైకు పట్టుకున్నారు. "మన సహోదరుడు ఆదాముగారు ఈ వయసులో కూడా పనికి పిలుపు అందుకుని ఆమదాలవలస వెళ్తున్నారు. ముందుకి రండి ఆదాముగారూ" అన్నారు.

ఆ చర్చిలో ఎవరైనా ఊరు విడిచి వెళ్తుంటే సంఘమంతా లేచి నిలబడి, తలమీద చేతులుంచి ప్రార్థన చేసి సాగనంపుతారు. ఆ ప్రార్థన అయిపోయాక మనిషి ఆగకూడదు. ఒకసారి ఒక టీచరమ్మ ప్రార్థన చేయించుకుని బదిలీ ఆపించుకుంది. ఆమె మీద సంఘమంతా సణిగింది, మొదట సణిగినవాడు ఆదామే. 'దేవుడితో ఎల్తానని సెప్పి ఊళ్ళో తిరుగుతందేటి?' అన్నాడు. ఆమె చివరికి చర్చి మారిపోయింది.

ఇప్పుడు అతని తలమీద పది చేతులున్నాయి. శాలువా కప్పారు. స్త్రీల సమాజం తరఫున స్టీలు క్యారేజీ ఇచ్చారు. వీడ్కోలు పాటకి ఒక మగగొంతు తక్కువైందని స్వర్ణ అంటే, జేమ్స్ లేచాడు. అభ్యంతరం చెప్పవలసిన మనిషి శాలువాలో ఉన్నాడు. జేమ్స్ పాడాడు. ఈస్టరు నుంచి దాచుకున్న గొంతంతా పెట్టి, ఆదాము కళ్ళలోకి చూస్తూ, అన్ని చరణాలూ పాడాడు.

ఇంటికొచ్చేసరికి ఇంటి ఓనరు హరిబాబు గేటు దగ్గర ఉన్నాడు. అతనిది చర్చి కాదు. ఇతనికి నిజం చెప్పొచ్చు అనుకున్నాడు ఆదాము.

"ఏమయ్యా ఆదామూ, ఇన్నేళ్ళు ఉన్నావు. ఖాళీ చేస్తున్నట్టు నాకు మైకులో వినపడాలా?"

"లేదండి హరిబాబుగారూ. నేనెక్కడికీ..."

"వందనాలన్నయ్యా" అని వెనకనుంచి స్వర్ణ. మిగిలిన రెండు కుండీల కోసం వచ్చింది.

"ఎక్కడికీ?" అన్నాడు హరిబాబు.

"ఎక్కడికీ దూరం కాదండి" అన్నాడు ఆదాము. "ఆమదాలవలసే."

హరిబాబు తల ఊపాడు. ఆ ఇంటి అద్దె పెంచలేక అతను చాలాకాలంగా బాధపడుతున్నాడు. ఆదాముతో ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికుంది? "మంచిది. పెరట్లో మునగచెట్టు జోలికి మాత్రం పోకు" అని వెళ్ళిపోయాడు.

ఆదాము అరుగు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మంచం ఒక్కటే పోవాలని మొదలుపెట్టాడు. మొక్కలు పోయాయి, సాగనంపు ప్రార్థనతో సంఘపెద్ద కుర్చీ పోయింది, ఇల్లు పోయేట్టుంది. మంచం మాత్రం గదిలోనే ఉంది.

సోమవారం పొద్దున, యాప్‌లో ప్రకటన చూసి, సాలూరు నుంచి లారీ వచ్చింది. సోములు దాని ఓనరు, డ్రైవరు కూడా. పక్కసీటులోంచి అతని భార్య నీలవేణి దిగింది. భారీ మనిషి. తిన్నగా గదిలోకెళ్ళి, చెప్పులు విడిచి, మంచం మీద వెల్లకిలా పడుకుంది. కళ్ళు మూసుకుంది.

"సప్పుడు లేదు" అంది. "మన మంచం మీద నాను అటు తిరిగితే ఊరందరికీ తెలుస్తాది. మావా, ఇది తీసుకుందాం."

సోములు డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇద్దరు హమాలీలు మంచం ఎత్తారు. గుమ్మం దాకా వచ్చింది. ఆగింది. నిలువుగా ఎత్తారు. ఆగింది. ఏటవాలుగా తిప్పారు. పైకప్పు సున్నం రాలింది, మంచం ఆగింది.

"బోల్టులిప్పండ్రా" అన్నాడు సోములు.

"బోల్టులెక్కడున్నాయి బాబూ? అంతా సీలల మీదున్నాది" అన్నాడు హమాలీ.

అప్పుడు గుర్తొచ్చింది ఆదాముకి. ఆ వీధిలో పెళ్ళయినా, చుట్టాలొచ్చినా మంచాలు అరువడిగే అలవాటుంది. వెళ్ళిన మంచం కోడు విరిగి వస్తుంది, లేదా రాదు. మెర్సీ ఆ బాధ పడలేక వడ్రంగిని గదిలోకి పిలిచి, గదిలోనే, గుమ్మం కంటే వెడల్పుగా మంచం చేయించింది. ఇంక ఎవరడిగినా 'తీసుకెళ్ళండమ్మా, వస్తే' అనేది. ఎవరికీ రాలేదు. ఆదాము అప్పుడు ఆ తెలివికి మురిసిపోయాడు.

"గుమ్మం కోసేద్దాం" అన్నాడు సోములు.

"రంపం పెడితే పోలీసుల్ని పిలుస్తాను" అన్నాడు హరిబాబు. లారీ చప్పుడుకి అతనూ వచ్చాడు. దాలయ్య కూడా వచ్చాడు. స్వర్ణ స్త్రీల సమాజంతో వచ్చింది. లారీ ఆదాము సామాన్ల కోసమని వాళ్ళు అనుకున్నారు.

"పోనీ మంచాన్నే కోసి..."

"కోసిన మంచం నాకొద్దు" అంది నీలవేణి. ఆమె ఇంకా మంచం మీదే ఉంది. హమాలీలు ఆమె దిగేదాకా ఆగి ఎత్తారు, దించగానే మళ్ళీ ఎక్కింది. "ఇంతకీ ఇంత మంచి మంచం ఎందుకమ్ముతన్నారు బాబూ? నిజం సెప్పండి."

మిగతావాళ్ళు గుమ్మం అవతల రంపం గురించి వాదులాడుకుంటున్నారు, గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు. రెండు రోజులుగా ఆపుకున్న నిజం ఆదాము నోట్లోంచి జారిపోయింది. "నా భార్య దీని మీదే పోనాదమ్మా."

"బాధ పడిందా?"

"లేదు. నిద్దట్లోనే."

 నీలవేణి మంచం పట్టెని చేత్తో నిమిరింది. "అదురుష్టవంతురాలు. మాయత్త తొమ్మిది నెల్లు మంచం దిగలేక, పడుకోలేక పోనాది. నిద్దట్లో పంపించిన మంచమని ముందే రాసుంటే నాను బేరమే ఆడకపోదును."

ఆదాము గోడకి చేరబడ్డాడు.

నీలవేణి లేచి కూర్చుని పైకప్పు చూసింది. కిటికీ చూసింది. వంటగదిలోకి తొంగిచూసి, పెరట్లో మునగచెట్టు చూసి వచ్చింది. "మావా! విజయనగరం లోడ్లకి ఇటేపు ఇల్లు కావాలన్నావు కదా. ఈ ఇల్లెవులిది?"

"నాది" అన్నాడు హరిబాబు.

"ఖాళీయేనా?"

"ఇవాళో రేపో. ఈయనకి బదిలీ అయింది."

అందరూ ఆదాము వైపు తిరిగారు. ఓనరు, దాలయ్య, స్వర్ణ, ఆమె వెనక స్త్రీల సమాజం. కాదనడానికి ఒక్క మాట చాలు. అతను స్వర్ణ మొహం చూశాడు. ఆమె ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"అయింది" అన్నాడు ఆదాము.

ఇంక అతన్నెవరూ అడగలేదు. హరిబాబు కొత్త అద్దె చెప్పాడు, నీలవేణి తగ్గించింది, ఒప్పందమైంది. "నాకెలాగూ ఆమదాలవలసలో బియ్యం లోడున్నాది పెద్దాయనా" అన్నాడు సోములు. "లారీ కాళీయే. మీ సామాను ఎక్కించెస్తే దింపెస్తాను. బాడుగొద్దు." హమాలీలు వచ్చిన పని లేక ఖాళీగా ఉన్నారు. బీరువా, గ్యాసుబండ, బైబిలు, నవారు మంచం, శాలువా, స్టీలు క్యారేజీ, అన్నీ లారీ ఎక్కాయి. చివర్న ఆదాముని ఎక్కించారు. అతను ఎవరి సాయమూ అడగలేదు. అయినా నలుగురు పట్టుకున్నారు.

స్త్రీల సమాజం గేటు దగ్గర నిలబడి పాట అందుకుంది. "వందనాలన్నయ్యా" అంది స్వర్ణ, మొహంలోకి సూటిగా చూస్తూ. తెరిచిన కిటికీలోంచి నీలవేణి చెయ్యి ఊపడం కనిపించింది. ఆమె మంచం దిగలేదు.

లారీ కదిలింది. ఇంజను మోత, గతుకులు, ప్రతి మలుపులోనూ హారను. ఆమదాలవలసలో ఎక్కడ దిగాలో, ఎవరిని అడగాలో, నిజంగా అక్కడ వాచ్‌మెన్ పని ఎవరైనా ఇస్తారో లేదో తేల్చుకోవాలనుకున్నాడు ఆదాము. తల డోరుకి ఆనించి ఆలోచించడం మొదలుపెట్టాడు. చీపురుపల్లి రాకముందే గుర్రుపెట్టాడు.

అతని జేబులో ఫోను మోగింది. ఎంతకీ ఆగకపోతే సోములే తీశాడు. అవతల దాలయ్య.

"మావా, యాప్‌లో అమ్ముడైపోయిందని పెట్టెస్తన్నాను. కారణం అదే ఉంచమంటావా, మార్సమంటావా?"

సోములు పక్కకి చూశాడు. ముసలాయన నోరు తెరుచుకుని, ఒళ్ళో స్టీలు క్యారేజీ పెట్టుకుని, పసిపిల్లాడిలా పడుకున్నాడు.

"మార్సడానికేటున్నాది?" అన్నాడు సోములు. "బదిలీ మీదే ఎల్తన్నాడు కదా."

ఆ ప్రకటనలో ఇంక ఒక్క అబద్ధం కూడా మిగల్లేదు.